అర్జీ వేరు, ప్రశ్న వేరు



నేను ఎనిమిదో తరగతి దాకానే చదివాను. సొసైటీ సెక్రటరీగా అర్జీలు రాయడం మాత్రం బాగా అలవాటైంది. ఒకసారి మా సొసైటీకి రావలసిన రిబేటు డబ్బు ఆగిపోయింది. రెండేళ్లు కాయితాలు పంపాం. "చూస్తున్నాం" అన్నారు గానీ పైసా రాలేదు. నేసినవాళ్లకి మజూరీ ఇవ్వలేక, వాళ్ల మొహం చూడలేక, నేను వెనక వీధిన ఇంటికి పోయేవాణ్ణి. చివరికి మా ఎమ్మెల్యే గారి చేత అసెంబ్లీలో ప్రశ్న వేయించాం. బాకీ ఎంత, ఎప్పటినుంచి, ఎప్పుడిస్తారు? అంతే. బాకీ ఉందని జవాబులో ఒప్పుకున్నారు. వెంటనే సగమే వచ్చింది. మిగతా సగానికి ఆ జవాబు కాయితం పట్టుకునే తిరిగి రాబట్టాం.

అర్జీ ఫైల్లో పడుకుంటుంది. సభలో తీసుకున్న ప్రశ్నకి మంత్రి జవాబు చెప్పాలి, అది రికార్డులో ఉండిపోతుంది.

లోక్‌సభలో మొదటి గంట ప్రశ్నలదే. 15 రోజులు ముందుగా నోటీసు ఇవ్వాలి. చుక్క గుర్తు ప్రశ్నలు రోజుకి 20. వాటికి మంత్రి నోటితో చెప్పాలి, సభ్యులు తిరిగి అడగొచ్చు. గుర్తు లేనివి 230 దాకా, వాటికి జవాబు రాతలో వస్తుంది. "వివరాలు సేకరిస్తున్నాం" అని తప్పించుకున్నా అది హామీ కిందే లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, చూడ్డానికి ఒక కమిటీ ఉంది.

1957లో ఎల్.ఐ.సి. డబ్బు ముంద్రా కంపెనీల్లో పెట్టిన సంగతి లోక్‌సభలో ప్రశ్నతోనే మొదలైంది. ఫిరోజ్ గాంధీ పాలక పార్టీవాడై ఉండి కూడా పట్టు వదల్లేదు. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

మన ఓట్లు అయిదు చోట్ల చెదిరి ఉన్నాయి, మన మాట ఎవరు వింటారు అంటారు. ప్రశ్న వేయడానికి బలగం అక్కర్లేదు, ఒక్క సభ్యుడు చాలు. యానాంకి పుదుచ్చేరి సభలో ఉన్నది ఒక్క ఎమ్మెల్యేనే. ఆయన అడిగినా జవాబు చెప్పాల్సిందే.

అయితే అడిగే తీరు ఉండాలి. "చేనేతను ఆదుకుంటారా?" అంటే "ఆదుకుంటున్నాం" అంటారు, అయిపోయింది. "మా జిల్లాలో చిలపనూలు సబ్సిడీ మూడేళ్లలో ఏ ఏడాది ఎన్ని సొసైటీలకి అందింది? అందనివి ఎన్ని? ఎందుకు?" అనాలి. అప్పుడు అంకె చెప్పక తప్పదు. కేంద్రం పథకమైతే ఎంపీ దగ్గరికి, రాష్ట్రం రిబేటు, సొసైటీ సంగతులైతే ఎమ్మెల్యే దగ్గరికి పోవాలి.

పోగు తెగితే ఎక్కడ తెగిందో చూసి అక్కడే ముడి వేస్తాం కదా, ఇదీ అంతే. వచ్చే సమావేశాల లోపు ప్రతి సొసైటీ తన లెక్కలతో ఒక్క ప్రశ్న రాసి సభ్యుడి చేతికివ్వండి. వచ్చిన జవాబు మినిట్స్ బుక్కులో అంటించండి. పార్లమెంటు జవాబులు వాళ్ల వెబ్‌సైట్లో ఉంటాయి, మన పిల్లలు తీసిపెడతారు.