వలస పక్షుల హాజరుపట్టీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తార్నాకలో పెరిగిన మనకు సముద్రం చాలా దూరం. అయినా సముద్రపు ఒడ్డున జరిగే ఒక పని గురించి ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను. ఎందుకంటే అది మనం ఇక్కడ కూడా చేయదగిన పని.

స్వీడన్ దక్షిణపు కొసన ఫాల్‌స్టర్‌బో అనే చోటు ఉంది. చలికాలానికి దక్షిణం వైపు పోయే పక్షులు అక్కడ సముద్రం దాటుతాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా రోజూ తెల్లవారగానే కొందరు అక్కడ నిలబడి వాటిని లెక్కపెడతారు. 1973 నుంచి ఒకే పద్ధతిలో ఈ లెక్క సాగుతోంది. ఏ జాతి తగ్గుతోందో, ఏది పెరుగుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మన తీరానికీ అదే కాలంలో చుట్టాలు వస్తాయి. సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టే ఉల్లంకి జాతి పిట్టలు కాకినాడ దగ్గరి బురదనేలల మీద దిగుతాయి. సాధారణంగా పెద్దవి ముందు వస్తాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు తర్వాత, దారి చూపే తల్లీతండ్రీ లేకుండానే వస్తాయి. గుంపులో పిల్లలు ఎన్నో చూస్తే, ఆ ఏడు టండ్రాలో ఎన్ని బతికి బట్టకట్టాయో ఇక్కడి నుంచే అంచనా వేయవచ్చు.

ఇక మన ఉస్మానియా క్యాంపస్. వానలు వెనకపట్టగానే తోకలాడిస్తూ పరుగెత్తే వాగ్‌టెయిల్ పిట్టలు వస్తాయి. మధ్య ఆసియా నుంచి రోజీ స్టార్లింగ్ అనే గులాబీ రంగు గోరింకలు గుంపులుగా వస్తాయి. అంత గుంపును లెక్కపెట్టడం ఎలా? ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటితో కొలుచుకోవాలి. అలాంటి ముక్కలు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడాలి. ఇంజనీర్లం సైట్‌లో వేసే అంచనా లాంటిదే ఇది.

1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఏ పిట్ట ఎక్కడ, ఎప్పుడు కనబడిందో రాసిపెట్టారు కాబట్టే ఇప్పటి పరిస్థితిని దానితో పోల్చగలుగుతున్నాం. మన క్యాంపస్ చుట్టూ ఊరు పెరిగింది, పొదలు, ఖాళీ నేలలు తగ్గాయి. పిట్టలు కూడా తగ్గాయా అని పిల్లలు అడిగితే "మా చిన్నప్పుడు బోలెడు ఉండేవి" అంటాం. అది జ్ఞాపకమే గాని లెక్క కాదు. రేపు ఒక చెట్లగుంపును కాపాడమని అడగాలంటే అంకె కావాలి.

మన మాస్టార్లు హాజరుపట్టీలో వచ్చినవాళ్లతో పాటు రానివాళ్లనూ గుర్తు పెట్టేవారు. పక్షుల లెక్క కూడా అంతే. వారానికొకసారి, అదే చోట, అదే వేళకు ఇరవై నిమిషాలు చూడాలి. ఏమీ రాకపోతే సున్నా వేయాలి. ఆ సున్నాకూ విలువ ఉంది. పదేళ్లు వరుసగా సున్నాలు వచ్చాయంటే ఒక పిట్ట మనల్ని వదిలి వెళ్లిందని అర్థం.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఉద్యోగాలు మారతాయి, ఊళ్లు మారతాయి. కానీ యాభై ఏళ్లు నిలిచిన బడికి, దాని సంఘానికి ఇది కష్టం కాదు. ఈ సెప్టెంబరులో ఒక నోటుపుస్తకం, ఒక బైనాక్యులర్ కొని తొమ్మిదో తరగతి పిల్లల చేతికిద్దాం. వాళ్లు పదో తరగతి దాటేటప్పుడు కింది తరగతికి అప్పగిస్తారు. నూరేళ్ల పండుగ నాటికి ఆ అరలో యాభై నోటుపుస్తకాలు ఉండాలని నా కోరిక.

మొదటి పుస్తకం ఖర్చు నాది. మొదటి వారం కాపలా కూడా నాదే. సెలవు.