మెట్ట పొలం, సీమ పళ్లెం: ఆహార మార్గదర్శకాలు చేయగల పని

భారతీయుల ఆహార మార్గదర్శకాలను తయారుచేసేది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. బెరిబెరి వ్యాధి మీద పరిశోధన కోసం 1918లో కూనూరులో చిన్న విభాగంగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. మార్గదర్శకాల తొలి కూర్పు 1998లో, సవరించిన కూర్పు 2011లో వెలువడ్డాయి. 2024 మే నెలలో వచ్చిన తాజా కూర్పులో 17 సూత్రాలున్నాయి. దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతానికి తిండి సరిగా లేకపోవడమే మూలమని అందులో అంచనా వేశారు. రోజుకు 2,000 కిలోకేలరీలు కావలసిన మనిషి పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకూడదు. దేశంలో ఇప్పుడది 50 నుంచి 70 శాతం దాకా ఉంది.

ఈ పట్టికను ఇంటింటికీ చెప్పే సలహాగా చూడడం ఒక పద్ధతి. సర్కారు ఏ పంట కొనాలో, బడిలో ఏం వండాలో, రేషన్ దుకాణంలో ఏం తూచాలో నిర్ణయించే కొలతగా చూడడం మరొకటి. రాయలసీమలోని ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల అనుభవం రెండో పద్ధతినే బలపరుస్తుంది.

మనిషి రోజుకు ఎంత తినాలో సర్కారు లెక్కకట్టడం ఈ జిల్లాలకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. కరువు పనులకు వచ్చే కూలీకి దినానికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా చాలునని 1877 జనవరిలో కరువు పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ పారిశుధ్య కమిషనర్ డబ్ల్యూ. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. రాళ్లు కొట్టే, మట్టి మోసే ఒంటికి పౌనున్నర ధాన్యమైనా ఉండాలని, దానితోపాటు పప్పూ కూరా చేరాలని వాదించాడు. ఆ ఏడాదే మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది. కచేరీలో వేసిన ఒక అంకె ఎన్ని ప్రాణాలమీదికి తెస్తుందో సీమ అప్పుడే చూసింది. ఉత్త గింజలతో ఒళ్లు నిలవదని కార్నిష్ పట్టుబట్టిన మాటనే 2024 పట్టిక ఇప్పుడు గ్రాముల్లో చెబుతున్నది.

ఒకప్పుడు ఇక్కడి పొలం, ఇక్కడి పళ్లెం ఒకదానికొకటి అమరి ఉండేవి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో జొన్న. పత్తికొండ, డోన్ ఎర్రనేలల్లో కొర్ర, సజ్జ. రాయచోటి వైపు రాగి. ఐదు సాళ్లు కొర్ర వేసి ఒక సాలు కంది పెట్టడం ఆ సేద్యంలోని తెలివికి మంచి గుర్తు. కొర్ర 80-85 రోజుల్లో కోతకొస్తుంది. అది ఖాళీచేసిన చోటంతా కంది పరుచుకుంటుంది, వేరు లోతుకు దించి సంక్రాంతి దాకా నిలబడుతుంది. ఆకు రాల్చి నేలకు బలమిస్తుంది. ఒకే చేను ఇంటికి అన్నమూ పప్పూ ఇచ్చేది, పశువుకు మేతా మిగిలేది. ఇంట్లో జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి, వాటికి తోడు ఊరిబిండి, గోంగూర పప్పు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములైనా లేదు. ఇనుము సజ్జలో ఆరు మిల్లీగ్రాములు దాటితే తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. దీనికి తిండి ఒక్కటే కారణం కాకపోయినా ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

ఆ పళ్లెం చెదరడానికి జనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. కేసీ కాలువ కింద వరి పండింది, కర్నూలు సోనాకు పేరొచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఇళ్లకు పండగ కూడును రోజువారీ కూడుగా తెచ్చింది; ఆకలి తీర్చడంలో దాని మేలు చిన్నది కాదు. కొర్రలు దంచి, చెరిగి, మళ్లీ దంచే చాకిరీ నుంచి ఆడవాళ్లకు విడుదల దొరికింది. ఎర్రనేలల్లో వేరుసెనగ, రేగడిలో పత్తి, 1990ల చివర నుంచి శనగ విస్తరించాయి. జేజీ 11 రకం వచ్చాక కర్నూలు రేగడిలో శనగ విస్తీర్ణం బాగా పెరిగింది. సాగు నుంచి చిరుధాన్యం జారిపోయింది. నంద్యాల పరిశోధన కేంద్రం కృష్ణదేవరాయ, నరసింహరాయ, సూర్యనంది వంటి మంచి కొర్ర రకాలు ఇస్తూనే వచ్చింది. లోటు విత్తనంలో లేదు, కొనేవాడిలో ఉంది.

పప్పు లెక్క చూస్తే ఇది తేటపడుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు తలా 85 గ్రాముల చొప్పున నెలకు పది కిలోల పైచిలుకు పప్పుదినుసులు కావాలి. రేషన్‌లో మనిషికి ఐదు కిలోల చొప్పున ఆ ఇంటికి ఇరవై కిలోల బియ్యం అందుతుంది. రాయితీ ధరకు కందిపప్పు ఇచ్చినప్పుడు కూడా కార్డుకు కిలోయే. శనగ పండించే జిల్లాలో పప్పు పలచబడడం ఇలా జరుగుతుంది. కూరగాయలదీ ఇదే తీరు. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయిన రోజున కోత కూలీ, బండి బాడుగ కూడా గిట్టక రైతులు కాయలను రోడ్డు పక్కన పారబోసి పోతారు. కర్నూలు ఉల్లికీ ఆ గతి పడుతుంటుంది. పళ్లెంలో 400 గ్రాములు నిండని ఊళ్లకు అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. పక్క ఊరి హాస్టల్ వంటగది ఆ మార్కెట్లోనే, ముందే కుదుర్చుకున్న ధరకు కొనే ఏర్పాటు ఉంటే కొంత సరుకైనా కుండలోకి చేరుతుంది.

బ్రెజిల్ ఈ ఏర్పాటును చట్టంగానే చేసింది. బడి భోజనాలకు కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల నుంచి కొనడానికే ఖర్చుపెట్టాలని 2009లో నిర్ణయించింది. బాగా పేరుపడిన దాని ఆహార మార్గదర్శకాల రెండో కూర్పు ఆ తర్వాత 2014లో వచ్చింది. సలహాకు తోడు కొనుగోలూ చట్టంగా ఉండడం గమనించదగ్గది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ అడుగులు పడ్డాయి. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకూ చోటిచ్చింది. 2023 మార్చి నుంచి బడి పిల్లలకు వారంలో మూడు రోజులు రాగిజావ మొదలైంది. ఆ ఏడాదే సీమలో బియ్యంలో కొంత భాగానికి బదులు రాగులు, జొన్నలు ఇచ్చే ప్రయత్నమూ జరిగింది. కొర్ర ఈ దారిలో వెనకబడడానికి గట్టి కారణాలున్నాయి. జొన్న, సజ్జ, రాగులకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, కొర్రకు లేదు. పైగా రాగిని, జొన్నను ఉన్నవున్నట్టే పిండి పట్టవచ్చు. కొర్ర గింజకు గట్టి పొట్టు ఉంటుంది. మట్టిబెడ్డలు, ఇసుక వేరుచేసి, పొట్టు ఒలిచి, తవుడు పోకుండా ఆపాలి. తవుడంతా తీసేస్తే బియ్యానికీ కొర్రబియ్యానికీ తేడా తగ్గిపోతుంది. తవుడు ఉంచితే అందులోని కొవ్వు వల్ల కొన్ని నెలలకే కారువాసన వస్తుంది.

అందుకే పెద్ద మిల్లులో ఒకేసారి ఆడించి గోదాముల్లో నింపే బియ్యం పద్ధతి కొర్రకు పనికిరాదు. గింజగా నిలవ ఉంచి, మండలానికొక చిన్న యంత్రం పెట్టి, నెలకు సరిపడా మాత్రమే ఆడించి అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు పంపాలి. పొదుపు సంఘాల మహిళలు ఈ యంత్రాలు నడపగలరు. హాస్టల్ వంటవాళ్లకు కొర్రన్నం నీటి లెక్క, నానబెట్టే వేళ చేసి చూపించాలి. విత్తడానికి ముందే, జూన్‌లోనే కొర్రకూ కందికీ కొనుగోలు ధర, పరిమాణం ప్రకటిస్తే పత్తికొండ రైతు ఐదు సాళ్ల లెక్కకు మళ్లీ రావడానికి తగిన కారణం దొరుకుతుంది.