మాట జారిన బాణీ, మాట నిలిపిన పాట

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. త్యాగరాజస్వామిని గురించో, క్షేత్రయ్యను గురించో చెప్పగలవారు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. ఉద్యోగ విరమణ చేసిన ఒక శ్రోతను మాత్రమే. కనుక ముప్ఫై ఏళ్ళుగా నేను విని ఆనందిస్తున్న ఒక దూరదేశపు జానపద సంగీతాన్ని మీకు పరిచయం చేయదలచాను. దానిని కెల్టిక్ సంగీతమంటారు. ఆ సంగీతానికీ మనకూ ఏమి పొత్తు అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు ప్రసంగం ముగిసేలోగా మీకే దొరుకుతుందని నా నమ్మకం.

ముందుగా పేరు సంగతి. కెల్టిక్ అన్నది ఒక భాషా కుటుంబానికి పెట్టిన పేరు. 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వేల్స్ పండితుడు ఈ భాషల మధ్యనున్న చుట్టరికాన్ని చాటాడు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ ఒక శాఖ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ మరొక శాఖ. ఈ ఆరు భాషలు పుట్టి పెరిగిన నేలల జానపద సంగీతాన్నంతా కలిపి నేడు కెల్టిక్ సంగీతమని పిలుస్తున్నారు. నిజానికి వీటన్నిటికీ ఒకే బాణీ లేదు. ఐర్లండ్ వారి పాట ఒక తీరు, ఫ్రాన్సు పడమటి కొసనున్న బ్రిటనీ వారి పాట మరొక తీరు. అయితే ఒక్క విషయంలో మాత్రం వీరందరి అనుభవమూ ఒకటే. రాజ్యభాష వేరు, ఇంటిభాష వేరు. ఆ బాధ ఎటువంటిదో ఈ సభకు నేను వివరించనక్కరలేదు.

1990లలో బెంగళూరులో ఉద్యోగం చేస్తుండగా ఒక దుకాణంలో ఐర్లండ్‌కు చెందిన చీఫ్‌టెన్స్ బృందం క్యాసెట్టు దొరికింది. పాడీ మొలోనీ అనే పైపుల కళాకారుడు 1962లో ఆ బృందాన్ని స్థాపించాడు. మొదటిసారి విన్నప్పుడు అన్ని పాటలూ ఒకేలా వినిపించాయి. పదిసార్లు విన్న తరువాత నడకలు తెలియసాగాయి. జిగ్ అనే నృత్యబాణీ ఆరు మాత్రలది. మూడు మూడుగా విరుగుతుంది, మన తిశ్రగతి వలె. రీల్ నాలుగు మాత్రల నడక. స్లిప్ జిగ్ తొమ్మిది మాత్రలది. ఒక్కొక్క బాణీకి సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒక్కొక్క భాగాన్ని రెండుసార్లు వాయించి, మొత్తం బాణీని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటారు. ఇంపు అంతా ఆ తిరిగి ఎత్తుకోవడంలోనే ఉన్నది. ఎత్తుకున్న ప్రతిసారీ వాద్యకారుడు ఒక గమకాన్ని మారుస్తాడు, ఒక స్వరాన్ని చిట్లిస్తాడు. అది పట్టుకోగలిగిననాడు చెవికి పండుగే.

వారి వాద్యాలలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇలిన్ పైపులు. ఐరిష్‌లో ఆ మాటకు మోచేయి అని అర్థం. నోటితో ఊదరు. మోచేతి కింద కట్టుకున్న చిన్న కొలిమితిత్తి వంటి దానితో గాలిని సంచిలోకి నింపుతారు. ఒక గొట్టం రాగం పలుకుతుంటే మూడు గొట్టాలు ఎడతెగని శ్రుతిని నిలుపుతాయి. శ్రుతి విడవని సంగీతానికి అలవాటుపడిన మన చెవికి ఇది పరాయిగా తోచదు. 2017లో యునెస్కో ఈ వాద్యకళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక ఫిడేలు మనకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్నంలో ఐరోపా వారి వద్ద ఆ వాద్యాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలలో ఐర్లండ్, స్కాట్లండ్ బాణీలు కూడా ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. అంటే మన పిల్లలు సంగీత పాఠంలో పాడే చిన్న పాటలలో ఒకటి ఏ ఐరిష్ పల్లెలోనో చిందులు వేయించిన బాణీ కావచ్చు. బాణీ ఇలా తేలికగా సముద్రాలు దాటుతుంది. మాట అంత తేలికగా దాటదు. నా ప్రసంగానికి మూలం ఈ సంగతే.

1792 జూలైలో బెల్‌ఫాస్ట్ నగరంలో హార్ప్ వాద్యకారుల సమావేశం జరిగింది. పాతకాలపు విద్య అంతరించిపోతున్నదని గ్రహించిన నగర ప్రముఖులు మిగిలినవారిని పిలిపించారు. ఐర్లండ్ నుంచి పదిమంది, వేల్స్ నుంచి ఒకరు వచ్చారు. వారిలో పలువురు అంధులు. డెనిస్ హెంప్సన్ అనే ఆయనకు తొంభై ఏళ్ళు దాటాయి. ఇత్తడి తంత్రులను పొడవాటి గోళ్ళతో మీటే పాత పద్ధతి ఆయన ఒక్కడికే మిగిలింది. వారు వాయించినదంతా వ్రాసిపెట్టే పనిని పంతొమ్మిదేళ్ళ ఎడ్వర్డ్ బంటింగ్‌కు అప్పగించారు. ఆయన వ్రాశాడు, 1796లో అచ్చు వేశాడు. అయితే ఆయనకు ఐరిష్ రాదు. స్వరాలు దక్కాయి, మాటలు దక్కలేదు. ఆ లోటు తెలిసి 1802లో పాట్రిక్ లించ్ అనే ఐరిష్ ఉపాధ్యాయుణ్ణి పడమటి పల్లెలకు పంపి పాటల మాటలు సేకరింపజేశారు. కాని 1809లో వెలువడిన రెండవ సంపుటంలో ఆ ఐరిష్ మాటలకు చోటు దొరకలేదు. 20వ శతాబ్దంలో డోనల్ ఓసలివన్ అనే పండితుడు వ్రాతప్రతులు వెదికి బాణీనీ మాటనూ మళ్ళీ ఒకచోటికి చేర్చేదాకా అవి విడిగానే పడి ఉన్నాయి. నూరేళ్ళకు పైగా ఆ పాటలు నాలుక లేనివై బ్రతికాయి.

ఈ కథ చదివిననాడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె విసుర్రాయి దగ్గర కూర్చుని రాగులు విసురుతూ ఒక పాట పాడేది. ఆ బాణీని ఇప్పటికీ తప్పులేకుండా ఈలవేయగలను. మాటలు మాత్రం రెండు పాదాలు దాటి రావు. మేము చదివిన బడిలో తెలుగు లేదు. ఇంటి పాటను వ్రాసుకోవాలన్న ఊహ రాలేదు, వచ్చినా వ్రాయడానికి అక్షరాలు రావు. బంటింగ్‌ను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఇక రికార్డుల సంగతి. 1845 నుంచి వచ్చిన మహాక్షామంలో ఐర్లండ్‌లో సుమారు పది లక్షలమంది మరణించారు, అంతమందీ దేశం విడిచి వెళ్ళారు. ఆ వలస అమెరికాలో సంగీతాన్ని కూడా నాటింది. చికాగో నగర పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 బాణీలతో గొప్ప సంకలనం వెలువరించాడు. స్లైగో జిల్లానుంచి న్యూయార్క్ చేరిన ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్‌మన్ 1920, 1930 దశకాలలో గ్రామఫోను పళ్ళాలు ఇచ్చాడు. అవి తిరిగి ఐర్లండ్ పల్లెలు చేరాయి. 1934లో ఆయన మూడు రీళ్ళను ఒకదాని వెంట ఒకటి వాయించి రికార్డు చేశాడు. నేటికీ ఆ మూడింటినీ అదే వరుసలో వాయించేవారు ఉన్నారు. రికార్డుకు అంత బలమున్నది. దాని వల్ల నష్టమూ కలిగింది. అందరూ కోల్‌మన్ వలె వాయించాలని చూడగా కొన్ని జిల్లాల సొంత బాణీలు వెనకబడ్డాయి. పళ్ళెం మీద పట్టేది మూడు నిమిషాలే కనుక పాటకూ అదే కొలత అయింది.

మరొక విధమైన రికార్డింగు కూడా జరిగింది. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద సంఘం తరఫున షేమస్ ఎన్నిస్ అనే యువకుడు 1942 నుంచి ఐదేళ్ళపాటు సైకిలు మీద పడమటి పల్లెలు తిరిగాడు. బాణీ కూడా వ్రాశాడు, ఐరిష్ మాట కూడా వ్రాశాడు. కానమారాలో కొలమ్ కీన్ అనే ఒక్క పల్లెటూరి రైతు దగ్గరే ఆయనకు రెండు వందలకు పైగా పాటలు దొరికాయి. ఆ భాష తెలిసినవాడు వెళ్ళాడు కనుక దొరికాయి. 1948లో ఇదే సంఘం మాన్ ద్వీపానికి వెళ్ళి మాంక్స్ భాష మాట్లాడే చివరి ముసలివారి గొంతులను రికార్డు చేసింది. ఆ భాషను పుట్టుకతో మాట్లాడినవారిలో చివరివాడైన నెడ్ మాడ్రెల్ 1974లో మరణించాడు. తరువాత ఆ భాష నేర్చుకున్నవారికి ఉచ్చారణకు ఆధారమైనవి అటువంటి రికార్డులే. 2001లో అక్కడ మాంక్స్ మాధ్యమంలో ప్రాథమిక బడి మొదలైంది.

రికార్డు వినడం వేరు, ఎదుట కూర్చుని వినడం వేరు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో ఉండగా 2016లో నేను కొన్ని వారాలు అక్కడ గడిపాను. జూలైలో క్లేర్ జిల్లాలోని మిల్‌టౌన్ మాల్‌బే అనే చిన్న ఊరికి వెళ్ళాము. పైపుల విద్వాంసుడు విల్లీ క్లాన్సీ పేరున 1973లో మొదలైన వేసవి సంగీత పాఠశాల అక్కడ నడుస్తుంది. వేదిక లేదు, మైకు లేదు. ఒక బల్ల చుట్టూ వాద్యకారులు ఒకరికొకరు ఎదురుగా, మాకు వీపు చూపి కూర్చున్నారు. మొదట నాకు చిన్నతనంగా తోచింది. కాసేపటికి అర్థమైంది. వారు మాకోసం వాయించడం లేదు, తమకోసం వాయించుకుంటున్నారు. మేము వారి ఇంటికి వచ్చిన చుట్టాలం. ఒకరు బాణీ ఎత్తుకుంటారు, తెలిసినవారు కలుస్తారు, తెలియనివారు వాద్యం ఒడిలో పెట్టుకుని వింటారు. పన్నెండేళ్ళ పిల్ల ఎత్తుకున్న బాణీకి డెబ్బై ఏళ్ళ తాత వంతపాడాడు.

ఇంతలో ఎవరో నిశ్శబ్దం కోరారు. ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని పాట అందుకున్నాడు. షాన్ నోస్, అంటే పాత పద్ధతి. వాద్యం ఉండదు, తాళం ఉండదు. ఐరిష్ మాట ఎటు నడిపిస్తే బాణీ అటు నడుస్తుంది. ప్రక్కనున్న ఆవిడ ఆయన చేయి పట్టుకుని పాట నడకకు తగినట్లు మెల్లగా త్రిప్పుతున్నది. అది అక్కడి పాత ఆచారం. పాట బరువు ఒక్కడే మోయకూడదన్నట్లు తోచింది నాకు. ఈ పద్ధతిలో మహాగాయకుడు కార్నా గ్రామానికి చెందిన జో హీనీ న్యూయార్క్‌లో ఒక భవనానికి ద్వారపాలకుడిగా పనిచేశాడు. 1982లో అమెరికా జాతీయ గౌరవం ఆయనకు లభించింది. 1984లో సియాటిల్‌లో మరణించాడు.

స్కాట్లండ్ దీవులలో ఆడవారు నేసిన ఉన్నిగుడ్డను బల్ల మీద కొడుతూ పాడే పాటలున్నాయి. మన దంపుళ్ళ పాటలకు అక్కచెల్లెళ్ళు. ఒకరు చరణం పాడితే అందరూ పల్లవి అందుకుంటారు. అటువంటి పాత పాటనొకదానిని 1992లో కేపర్‌కేలీ బృందం పాడగా, అది బ్రిటన్‌లో మొదటి 40 పాటల పట్టికకెక్కిన తొలి గేలిక్ పాట అయింది. అంతకు పదేళ్ళ ముందే, 1982లో, డోనెగల్ జిల్లాలోని గ్వీడోర్ గ్రామంనుంచి వచ్చిన క్లానడ్ బృందం ఐరిష్‌లో పాడిన పాట అదే పట్టికలో 5వ స్థానం చేరింది. బ్రిటనీలో ఫెస్ట్ నోజ్, అంటే రాత్రి పండుగ, ఊరంతా చేతులు కలిపి ఆడే ఆట. ఇద్దరు గాయకులు పాడతారు. ఒకరి చివరి పాదాన్ని రెండవవారు అందుకుని కలిపి పాడి, తిరిగి తాను కొనసాగిస్తారు. ఊపిరి ఎక్కడా తెగదు. 2012లో యునెస్కో దీనినీ గుర్తించింది.

మిత్రులారా, ఇదంతా విని సంగీతం ఉంటే భాష దానంతట అదే నిలుస్తుందని అనుకోకండి. నేను కూడా అలాగే అనుకున్నాను. బ్రిటనీలోని లోరియాన్ పట్టణంలో 1971లో మొదలైన ఉత్సవానికి నేడు లక్షలమంది వస్తున్నారు. బ్రెటన్ మాట్లాడేవారు 2018 సర్వేలో సుమారు 2 లక్షలు, 2024 సర్వేలో సుమారు 1 లక్ష 7 వేలు. బాణీ దేశదేశాలూ తిరుగుతుండగానే భాష సగమైంది. ఐర్లండ్‌లో 2022 జనాభా లెక్కలలో ఐరిష్ వచ్చునన్నవారు 18 లక్షలకు పైగా ఉన్నారు. బడి బయట రోజూ మాట్లాడుతున్నామన్నవారు 72 వేలలోపే. భాషను మోసినవి బడులు, రేడియో, ఇంట్లో తల్లి నోరు. కానమారా యువకులు 1970లో అనుమతి లేకుండానే తమ భాషలో రేడియో ప్రసారం చేశారు. 1972లో ప్రభుత్వమే ఐరిష్ రేడియో నెలకొల్పింది. బ్రిటనీలో 1977లో తల్లిదండ్రులు బ్రెటన్ మాధ్యమ బడులు ప్రారంభించారు. ఆ బడిలో చదివిన పిల్ల ఆ రాత్రి పండుగలో పాడితే పాటకు అర్థముంటుంది. లేకుంటే అది వినసొంపైన ధ్వని మాత్రమే.

ఈ సంగీతాన్ని మీరూ వినండి. వాద్యాలతో మొదలుపెట్టి, ఒకే బాణీని ఇద్దరు ముగ్గురు వాయించినది విని పోల్చి చూడండి. తరువాత షాన్ నోస్ పాటకు వెళ్ళండి. అర్థం తెలియకపోయినా మాట బాణీని ఎలా నడుపుతున్నదో తెలుస్తుంది.

ఐర్లండ్ నుంచి తిరిగి వచ్చిన నెలలోనే మా మేనత్త దగ్గరకు వెళ్ళాను. ఆమెకు అప్పటికి ఎనభై ఆరేళ్ళు. అమ్మ పాట బాణీని ఈలవేసి వినిపించాను. నవ్వి, అందుకుంది. సెల్‌ఫోనులో రికార్డు చేసుకున్నాను, ప్రక్కన కూర్చుని మా మనవరాలు తెలుగులో వ్రాసింది. మూడు చరణాలు దొరికాయి. నాలుగవదీ ఉండేదని, గుర్తు రావడం లేదని అత్త అన్నది. మరుసటి ఏడు ఆమె వెళ్ళిపోయింది. ఆ నాలుగవ చరణం ఇక రాదు.

మీ ఇళ్ళలో ఇంకా ఉన్న చరణాలను, బాణీతోనూ మాటతోనూ కలిపి, ఈ వారంలోనే వ్రాసిపెట్టుకోండి. వ్రాసే పని పిల్లల చేత చేయించండి.