పసుపు గీతల పాఠం

 

వెలుగును రంగులుగా విడదీసి కొలిచే ఖరీదైన స్పెక్ట్రోమీటర్ కొనే స్తోమత లేక, ఒకప్పుడు నేనూ నా విద్యార్థులూ కలిసి సొంతంగా ఒకటి చేసుకున్నాం. లోపల నల్లరంగు పూసిన పెట్టె, రెండు బ్లేడు అంచుల మధ్య సన్నని సందు, రెండు లెన్సులు, సన్నని గాడులతో వెలుగును విడదీయడానికి పాత డీవీడీ నుంచి ఒలిచిన ముక్క, ఒక వెబ్‌క్యామ్. సోడియం దీపం వెలిగించాం. 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలు విడిగా కనబడాలి. మాకు మందపాటి పసుపు పట్టీ ఒక్కటే కనబడింది.

డీవీడీ పనికిరాదన్నారు పిల్లలు. లెక్క వేయమన్నాను. ఆ గీతలను విడదీయడానికి దాదాపు వెయ్యి గాడుల మీద వెలుగు పడితే చాలు. డీవీడీలో గాడికీ గాడికీ ఎడం 0.74 మైక్రోమీటర్లు, ఒక్క మిల్లీమీటరులోనే సుమారు 1350 గాడులు. మరి లోపం ఎక్కడ? బ్లేడు అంచులు సమాంతరంగా లేవు. ఫోకస్ కుదరలేదు. డీవీడీ గాడులు వంపు తిరిగి ఉంటాయి కనుక వంపు తక్కువుండే బయటి అంచు ముక్క తీసుకోవాల్సింది. ఒక్కొక్కటే సరిచేశాం. సీఎఫ్‌ఎల్ బల్బులోని పాదరసపు గీతలు 435.8, 546.1 ఆధారంగా కొలత గుర్తులు పెట్టుకున్నాం. మొదట పాదరసపు పసుపు జంట 577.0, 579.1 విడిపోయింది. వారాల తర్వాత ఒక సాయంత్రం సోడియం పట్టీ నడుమ సన్నని చీకటి గీత తేలింది. ఆ గదిలో పుట్టిన కేక నాకింకా వినిపిస్తోంది.

ఆ చిన్న ఎడానికి అంత విలువ ఎందుకో మన నేలే చెబుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూశారు. అందులోని పసుపు గీతను సోడియానిదే అనుకోవడం తేలిక. ఆ అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకయర్ దాని చోటు వేరని తేల్చాడు. అది 587.6. సోడియానికి 1.4 నానోమీటర్ల ఎడం. ఆ ఎడంలోనే అప్పటికి తెలియని మూలకం హీలియం దాగి ఉంది. భూమి మీద దాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే 1895లో పట్టుకున్నాడు.

ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామంది పరికరాలు చాలని కళాశాలల్లో పాఠాలు చెప్పబోతున్నారు. మొదటి ఏడాదే మీ పిల్లల చేత ఇలాంటి పెట్టె ఒకటి చేయించండి. తప్పు ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి. ఆ పసుపు పట్టీ రెండుగా విడిపోయే దాకా వాళ్ల పక్కనే నిలబడండి. తన పరికరం ఎక్కడ తప్పుతుందో ఎరిగిన బిడ్డ, అది చూపించిన నిజాన్ని ధైర్యంగా నమ్మగలుగుతాడు, నమ్మగలుగుతుంది.