కళ్లమూ గాదె: ల్యాప్‌టాప్‌నకు మెమరీ ఎంత కావలె?



పూర్వము మన పెద్దలు ఎడ్లజతను కొనునప్పుడు పండ్లు పట్టి చూచెడివారు, సుడులు చూచెడివారు, సంతలో పది అడుగులు నడిపించి చూచెడివారు. అది ఎన్ని తరములనుండియో చేతికి వచ్చిన తెలివి. ఈనాడు అవే ఇండ్లలోనికి ల్యాప్‌టాప్ వచ్చుచున్నది. ఖరీదు తక్కువ కాదు. కాని దాని పండ్లు ఎక్కడ చూడవలెనో చెప్పగల పెద్దలు ఇంటిలో లేరు. అంగడివాడు చెప్పినదే మాట, అడిగినదే ధర. అందుచేత ఆ యంత్రములో ముఖ్యముగా చూడవలసిన ఒక్క విషయమును గూర్చి, అనగా మెమరీని గూర్చి, ఈ పూట ముచ్చటింపదలచితిని.

మాది అనకాపల్లి జిల్లాలోని రోలుగుంట. 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు మేము విశాఖపట్టణము జిల్లావారము. వరి, చెరకు పండించుకొని బ్రదుకు ఊళ్లు మావి. మా అక్క కుమార్తెకు ఇటీవల ఇంజనీరింగు కళాశాలలో సీటు లభించినది. చెరకు సొమ్ములో దాచిపెట్టినది తీసి, మా బావ మమ్ము ఇరువురను వెంటబెట్టుకొని నర్సీపట్నము బయలుదేరినాడు.

అంగడిలో రెండు యంత్రములను మా ముందు పెట్టిరి. రంగు ఒకటే, తెర ఒకటే. మొదటిదానిలో ర్యామ్ 8 జీబీ, స్టోరేజి 1 టీబీ, అనగా ఇంచుమించు వేయి జీబీ. రెండవదానిలో ర్యామ్ 16 జీబీ, స్టోరేజి 512 జీబీ. రెండవదాని వెల కొంచెము ఎక్కువ. అంగడివాడు, “మొదటిదే తీసుకోండి, వెయ్యి జీబీ మెమరీ ఉంది” అన్నాడు. మా బావ నావైపు తిరిగి, “వెయ్యి వదిలేసి, అయిదొందలదానికి ఎక్కువిచ్చి కొనమంటావా బావా?” అని అడిగినాడు. ఆ ప్రశ్నలోనే ఈ ప్రసంగమంతయు ఇమిడియున్నది.

మా బావ తప్పేమియు లేదు. కంప్యూటరులో మెమరీ అను పేరు రెండు తావులకు వాడుకలో ఉన్నది. ఒకటి గాదె, రెండవది కళ్లము. గాదెలో పోసిన ధాన్యము ఏడాది పొడుగునను ఉండును. అట్లే స్టోరేజిలో ఉంచిన పాఠములు, ఫోటోలు, సినిమాలు యంత్రమును ఆపివేసినను చెక్కుచెదరవు. కాని నూర్పు జరుగునది గాదెలో కాదు, కళ్లములో. ర్యామ్ అనునది కళ్లము. మనము తెరచిన ప్రతి పనియు గాదెనుండి కళ్లములోనికి వచ్చి అక్కడ జరుగును. యంత్రము ఆగినంతనే కళ్లము ఊడ్చినట్లగును.

మరి కళ్లము చిన్నదైనచో ఏమగును? నూర్పునకు చోటు చాలక రైతు సగము పనలను ఎత్తి దూరముగా పెట్టును. వాని అవసరము వచ్చినప్పుడు మరల మోసికొని వచ్చును. నూర్పుకన్న మోతయే ఎక్కువగును. కంప్యూటరును అంతే చేయును. ర్యామ్ నిండగనే కొంత సరకును స్టోరేజికి తరలించును. అడిగినప్పుడు మరల తెచ్చును. ర్యామ్‌తో పోల్చినచో స్టోరేజి చాల నెమ్మది. తెరపై చిన్న చక్రము గిరగిర తిరుగుటయు, నొక్కిన మీట పలుకకుండుటయు తరచుగా ఈ మోతబరువు వలననే. గాదె వేయి పుట్లదైనను కళ్లమునకు ఒక్క గజము నేల కలిసిరాదు గదా!

ఈ కళ్లముల చరిత్ర చాల చిన్నది. నేడు మనము వాడు ర్యామ్‌నకు మూలమైన పద్ధతిని 1966లో ఐబీఎం సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన మెమరీ చిప్పులో పట్టినవి 1,024 బిట్లు మాత్రమే. 1969లో మానవుని చంద్రునిపైకి చేర్చిన అపోలో నౌకలోని కంప్యూటరునకు పని జరుపుకొను మెమరీ ఇంచుమించు 4 కిలోబైట్లు. నేటి 8 జీబీ దానికి ఇరువది లక్షల రెట్లు. అంత చిన్నదానితో చంద్రునికడకు పోగా, ఇంటి పనులకు ఇంత ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. ఆనాటి యంత్రము చేసినది ఒక్క పని. దానికై ప్రతి అక్షరమును లెక్కపెట్టి వ్రాసిరి. నేడు ఒక విద్యార్థిని తెరపై ఒకవంక పాఠము వినుచుండును, ఒకవంక పది పుటలు తెరచియుండును, వేరొకవంక ప్రోగ్రాము వ్రాయుచుండును. కళ్లములోనికి ఒకేమారు పది పొలముల పనలు వచ్చి పడుచున్నవి.

ఇది నాకు పుస్తకములవలన తెలిసినది కాదు, దెబ్బతిని తెలిసికొన్నది. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు, మా అబ్బాయి ఆన్‌లైన్ తరగతుల కొరకు 4 జీబీ యంత్రమును చౌకలో దొరికినదని కొంటిని. మొదటి ఏడు బాగుగనే నడచినది. రెండవ ఏటికి తరగతి తెరచినచో పుస్తకము తెరచుకొనదు, పుస్తకము తెరచినచో ఉపాధ్యాయుని గొంతు తెగిపోవును. ఒకనాడు పరీక్ష వ్రాయుచుండగా తెర బిగిసిపోయి, అది తేరుకొనులోపల గడువు ముగిసినది. వాడు ఏడ్వలేదు, మూత వేసి లేచిపోయినాడు. మెమరీ పెంచింతమని మరమ్మతు చేయువానివద్దకు పోగా, అది పలకకు అతికింపబడియున్నదనియు, పెంచు వీలు లేదనియు చెప్పినాడు. నేను మిగిల్చిన సొమ్ము ఎంతో, పోగొట్టినది ఎంతో ఆనాడు తెలిసినది.

4 జీబీ చాలుననుకొన్నది నేనొక్కడనే కాదు. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వము అమ్మఒడి క్రింద 9 మొదలు 12వ తరగతి వరకు చదువువారు నగదునకు బదులు ల్యాప్‌టాప్ కోరుకొనవచ్చునని ప్రకటించినప్పుడు, ఆ యంత్రమునకు చెప్పిన ర్యామ్ 4 జీబీయే. అదే ఏడు అక్టోబరులో విడుదలైన విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ సంస్థ నిర్ణయించిన కనీసమును అంతే. కాని కనీసమనగా ప్రాణము నిలుపు గంజి, కడుపు నింపు భోజనము కాదు. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సామాన్యముగా ముగిసినవి. కావున పాత 4 జీబీ యంత్రము సగము ధరకు వచ్చినను ఆలోచించి కొనవలెను.

ఇక ఎవరికి ఎంత? ఉత్తరములు, లెక్కలు, దరఖాస్తులు, పాఠములు వినుట, సినిమా చూచుట, ఇంతటితో సరిపెట్టుకొను ఇంటికి 8 జీబీ చాలును. ఇంజనీరింగు చదువువారికి, ప్రోగ్రాములు వ్రాయువారికి, ఫోటోలు దిద్దువారికి 16 జీబీ ఉండవలెను. ఫోనులకు ప్రోగ్రాములు వ్రాయు ఆండ్రాయిడ్ స్టూడియోను తీసికొనుడు. దానికి 8 జీబీ కనీసము; తెరపై కృత్రిమమైన ఫోనును కూడ నడుపవలెనన్నచో 16 జీబీ లేక సుఖము లేదు. వీడియోలు కూర్చువారు, పెద్ద భవనముల నక్షాలు గీయువారు, ఒక యంత్రములో మరియొక యంత్రమును సృష్టించి నడుపువారు 32 జీబీ కోరుట న్యాయమే. ఆ పనులు లేనివారు గొప్పకు పోయి 32 కొనుట, పది బస్తాల పంటకు ఊరంత కళ్లము చదును చేయించుట వంటిది. కళ్లము ఖాళీగా ఉన్నంతమాత్రమున నూర్పు వేగిరపడదు.

ఇంటిలో పాత విండోస్ యంత్రమున్నవారు ఒక పరీక్ష చేసికొనవచ్చును. ప్రతిదినము తెరచు పనులన్నియు ఒకేమారు తెరచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ అను పట్టిక వచ్చును. అందులో మెమరీ నూటికి ఎంత నిండినదో కనబడును. మాటిమాటికి ఎనుబదియైదు దాటుచున్నచో కళ్లము ఇరుకైనదని అర్థము. సగమునకు అటునిటుగా ఉన్నచో, మందకొడితనమునకు కారణము వేరొకచోట వెదకవలెను. మెమరీపై డబ్బు పోయవలదు.

కొనునప్పుడు అడుగవలసిన మాట మరియొకటి ఉన్నది. “ఇందులో ర్యామ్ పెంచుకొను స్లాటు ఉన్నదా?” అని అడుగవలెను. కొన్ని యంత్రములలో మెమరీని విడిగా అమర్చు గాడి ఉండును. మరునాడు కావలసినచో మరియొక ముక్క చేర్చవచ్చును. పలుచని యంత్రములలో పెక్కింటియందు మెమరీని పలకకే అతికింతురు. అది నాలుగువైపుల గోడలు లేచిన కళ్లము. కొన్ననాడు ఎంతయో ఎల్లప్పుడును అంతే. అట్టిదానిని నేటి అవసరమును బట్టిగాక, నాలుగవ ఏటి అవసరమును బట్టి కొనవలెను. 2024 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన మ్యాక్‌బుక్ ఎయిర్ యంత్రములకు కనీసపు మెమరీని 8నుండి 16 జీబీకి పెంచినది. అందులోని మెమరీ తరువాత పెంచరానిది. ముందుచూపునకు అది ఒక సూచన.

ధరల సంగతియు చెప్పవలెను. కృత్రిమ మేధ కొరకు ప్రపంచమంతట కట్టుచున్న మహా కంప్యూటరు కేంద్రములకు మెమరీ అపారముగా కావలసివచ్చినది. తయారీదారులు అటు మొగ్గిరి. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు తీవ్రముగా పెరిగినవి. సామాన్య వినియోగదారులకు క్రూషియల్ పేర మెమరీ అమ్ముచుండిన మైక్రాన్ సంస్థ, ఆ వ్యాపారమునుండి తప్పుకొందునని ఆ డిసెంబరులో ప్రకటించినది. కావున 8 జీబీ ఎక్కువ కొనుట చిన్నమాట కాదు. అక్కరలేనివారు కొనరాదు, అక్కరయున్నవారు మానరాదు.

మరల మా అంగడికి వత్తము. ఆనాడు మేము ఏదియు కొనలేదు. “అమ్మా, నీ కళాశాలలో పై తరగతులవారిని అడిగి, నాలుగేండ్లలో ఏమేమి నడుపవలసివచ్చునో వ్రాసికొని రా” అని మా మేనకోడలితో చెప్పితిని. వారమునకు ఆమె ఒక చీటీ తెచ్చినది. అందులోని పనులలో సగము 8 జీబీలో ఇమిడెడివి కావు. అంగడిలోని యంత్రములకు మెమరీ అతికింపబడియున్నదని విచారించి తెలిసికొంటిమి. అప్పుడు మా బావ తానే లెక్క తేల్చినాడు: “గాదె చాలకపోతే బయట ఇంకోటి కట్టుకుంటాం. కళ్లం చాలకపోతే ఏం చేస్తాం?” నిజమే. స్టోరేజి చాలనప్పుడు వెలుపలి డిస్కు తగిలించుకొనవచ్చును. అతికించిన ర్యామ్‌నకు ఆ ఉపాయము లేదు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజి గల రెండవ యంత్రమునే తెచ్చితిమి.

శ్రోతలు తమ బిడ్డలకు యంత్రము కొనబోవునప్పుడు ముందుగా బిడ్డను అడుగవలెను, పిదప అంగడివానిని అడుగవలెను. ఏ పని, ఎన్నియేండ్లు, పెంచుకొను వీలున్నదా అను ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికినచో, పండ్లు పట్టి ఎడ్లను కొన్న మన పెద్దలకు మనము తీసిపోము.