కలక నీరు – పగడపు దిబ్బల ఆరోగ్యం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పూర్వం ఏటి నీరు కలకబారినప్పుడు గృహిణులు చిల్లగింజను అరగదీసి, ఆ గంధాన్ని కడవ నీటిలో కలిపేవారు. కొంతసేపటికి మట్టి అడుగుకు చేరి నీరు తేటపడేది. కడవ నీటిని తేర్చడం సులభమే. తీరసముద్రం కలకబారితే తేర్చగల గింజ లేదు. ఆ కలకకు ముందుగా బలి అయ్యే ప్రాణులలో పగడాలు ముఖ్యమైనవి.

పగడమనగానే నవరత్నాలలోని ఎర్రని రత్నం స్ఫురిస్తుంది. అది వేరొక జాతి. దిబ్బలు నిర్మించే పగడాలు అతి చిన్న జంతువులు. సున్నపు గూళ్ళు కట్టుకుంటూ, వేల ఏండ్ల కాలంలో అవి దిబ్బలను పెంచుతాయి. వాటి శరీరాలలో కంటికి కనిపించని శైవలాలు నివసిస్తాయి. ఆ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగాన్ని పగడాలకు అందిస్తాయి. ఈ సహజీవనానికి వెలుతురే ఆధారం.

నీరు కలకబారితే కలిగే హాని నాలుగు విధాలు. మొదటిది, వెలుతురు తగ్గి శైవలాల ఆహారోత్పత్తి కుంటుపడుతుంది. రెండవది, పైన పేరుకున్న ఒండ్రును జిగురుతో తొలగించుకోవడానికే పగడం తన శక్తిని వెచ్చిస్తుంది. పెరుగుదలకు శక్తి మిగలదు. మూడవది, పగడపు డింభకాలు అంటుకొని ఎదగడానికి శుభ్రమైన గట్టి నేల కావాలి. బురద పరచుకున్న చోట అవి నిలువలేవు. నాలుగవది, మట్టితోపాటు వచ్చే ఎరువులు, మురుగు వల్ల నాచు విపరీతంగా పెరిగి పగడాలను కప్పివేస్తుంది.

కొద్దిపాటి కలక మండువేసవిలో గొడుగువలె పనిచేసి, తీవ్రమైన ఎండ నుండి కొన్ని పగడాలను కాపాడుతుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అది ఏనాటి నుండో కలక నీటికి అలవాటుపడిన దిబ్బల మాట. హఠాత్తుగా వచ్చిపడే బురదకు ఈ సూత్రం వర్తించదు.

తమిళనాడులో రామేశ్వరం, తూత్తుక్కుడి నడుమ మన్నారు సింధుశాఖలో 21 చిన్న దీవుల వరుస ఉన్నది. వాటి చుట్టూ వందకు పైగా జాతుల పగడాలున్నాయి. సున్నం కోసం దశాబ్దాల పాటు పగడపు రాళ్ళను త్రవ్వినందువల్ల వాటిలో రెండు దీవులు నీట మునిగాయి. 1986లో ఈ ప్రాంతం సముద్ర జాతీయ ఉద్యానమైనది. 2001లో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం ద్వారా గట్టి రక్షణ లభించింది. 2010లోను, 2016లోను సముద్రజలం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబారాయి. వేడి వల్ల నీరసించిన పగడానికి కోలుకోవాలంటే తేట నీరు మరింత అవసరం.

చట్టం త్రవ్వకాన్ని ఆపగలదు గాని, నదితో వచ్చే మట్టిని ఆపలేదు. పశ్చిమ కనుమలలో పుట్టిన వైప్పారు నది సాత్తూరు మీదుగా ప్రవహించి ఈ సింధుశాఖలోనే కలుస్తుంది. తరతరాలుగా తెలుగు కుటుంబాలు సేద్యం చేస్తున్న నల్లరేగడి భూములు ఆ పరీవాహక ప్రాంతంలోనివే. ఈశాన్య ఋతుపవనాల వానకు గట్టు తెగిన చేను నుండి కొట్టుకుపోయిన మట్టి రైతుకు దక్కదు. అది వరదతో కడలి వరకు చేరవచ్చు. అక్కడ దిబ్బలు క్షీణిస్తే చేపలకు ఆశ్రయం పోతుంది, జాలరి వల ఖాళీ అవుతుంది, అలల ధాటిని అడ్డుకునే గోడ కూలుతుంది.

కనుక సముద్ర సంరక్షణ సముద్రపు ఒడ్డున ప్రారంభం కాదు. చేనికి గట్టు వేయడం, చెరువుల పూడిక తీయడం, ఏటి గట్టున చెట్లు పెంచడం, మురుగును శుద్ధి చేసి వదలడం, మడ అడవులను, సముద్రపు గడ్డిని కాపాడడం – కడలికి చిల్లగింజలు ఇవే. సముద్రాన్ని ఎన్నడూ చూడని పల్లె బాలునికి సైతం ఈ సత్యం తెలియజెప్పడం పాఠశాల ధర్మం. చేని గట్టున నిలిచి ఆ పాఠాన్ని ఆచరించి చూపడం తల్లిదండ్రుల ధర్మం.