విద్యార్థుల సాహిత్య పత్రిక



విద్యార్థుల అచ్చుకాగితానికి ఎంత బలముందో 1970లో విశాఖ చూపించింది. శ్రీశ్రీ షష్టిపూర్తి వేళ విశాఖ విద్యార్థుల పేరిట వచ్చిన ‘రచయితలారా, మీరెటువైపు?’ అనే కరపత్రం తెలుగు రచయితలను నిలదీసింది. ఆ ఏడాది జూలై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది.

అదే స్ఫూర్తితో తునిలో డిగ్రీ చదివేవారు, రాజమండ్రి నన్నయ విశ్వవిద్యాలయం విద్యార్థులు కలిసి ఓ సాహిత్య పత్రిక తేవచ్చు. వచ్చిన రచనలను రచయిత పేరు తీసేసి చదవండి, స్నేహాలు అడ్డురావు. తిప్పి పంపే రచనకు కారణం రాయండి.

ప్రెస్సులో లెక్క ఫారాల్లో ఉంటుంది. ఫారానికి 16 పేజీలనుకుంటే నాలుగు ఫారాలకు 64. ఆపైన రెండు పేజీలు పెరిగినా ఖర్చు పెరుగుతుంది. యూనికోడ్‌లో టైపు చేసిన కథను ప్రెస్సు వాడే అను ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు చెదరవచ్చు. అందుకే ప్రూఫు కాగితం మీద తీయించి, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు దిద్దాలి.

తుని దగ్గర తాండవ నది ఒడ్డున పెరిగిన పిల్లలు ఇంటి మాటల్లో రాస్తే వాటిని పుస్తక భాషలోకి మార్చకండి. ఆ మాటలే పత్రికకు ప్రాణం. విద్యార్థులు ఏటా మారిపోతారు కాబట్టి సంపాదకవర్గంలో మొదటి సంవత్సరం వాళ్లను తప్పకుండా చేర్చుకోండి. అప్పుడే పత్రిక నాలుగు కాలాలు నిలుస్తుంది.